నయాపూల్‌లో లేని టవర్

2024 ఆగస్టు 22, గురువారం, ఉదయం పదకొండు గంటల ఆరు నిమిషాలకు నయాపూల్‌లో కోర్టు గేటు పక్కన, ఒక కుట్టుమిషన్ మీద పెట్టి ఉన్న ఫోను మా నెట్‌వర్క్ నుంచి మాయమైంది. పదకొండూ ఇరవై తొమ్మిదికి తిరిగి వచ్చింది. ఆ ఇరవై మూడు నిమిషాల్లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఆపలేదు. సిగ్నల్ గీతలు కూడా నిండుగానే ఉన్నాయి. ఈ సంగతి నాకు ఆ రోజు తెలియదు. ఐదు రోజుల తర్వాత తెలియడం మొదలైంది.

నేను మొదట టెలిఫోన్ ఎక్స్చేంజీలో టెక్నీషియన్‌గా చేరాను. తర్వాత ఒక మొబైల్ కంపెనీకి మారాను. చివరి పదకొండేళ్లు పాతబస్తీ టవర్ల నాణ్యత చూసే పని నాది. ఎక్కడ కాల్ తెగుతోంది, ఎక్కడ సిగ్నల్ పలచబడుతోంది, కొత్తగా లేచిన ఏ మేడ ఏ గల్లీకి అడ్డం వచ్చింది, రోజూ ఇవే లెక్కలు. ఆఫీసు శాలిబండలో, ఒక పాత మేడ మొదటి అంతస్తులో ఉండేది. కింద కస్టమర్ల కౌంటర్. పై అంతస్తులో కూర్చునే మేము కిందికి దిగేది టీ కోసమే.

ఆ మంగళవారం, 27న, టీకి దిగేసరికి కౌంటర్ ముందు నలభై ఏళ్ల ఆవిడ ఒకరు నిలబడి ఉన్నారు. చీరకు అక్కడక్కడా నల్ల దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి. పైట అంచుకు దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది.

"నాకు కాగితం ఒక్కటి రాసియ్యిండి. పోయిన గురువారం నా ఫోన్ బంద్ లేకుండె, చాలూ ఉండెనని రాసి ముద్ర గుద్దియ్యిండి. ఇంకేం వద్దు."

"గట్ల రాసియ్యరు అక్కా," అంది కౌంటర్లో అమ్మాయి. "కంప్లైంట్ తీసుకుంట. నంబర్ మెసేజ్ వస్తది."

"మెసేజ్ తీస్కపోయి ఎవరికి చూపెట్టాలె? మా అత్తకు చదువు రాదు. ముద్ర ఉంటే నమ్ముతది."

నేను టీ సంగతి మరిచిపోయి ఆవిడను పక్కన బెంచీ మీద కూర్చోబెట్టుకున్నాను. పేరు సుగుణ. కోర్టు గేటు దగ్గర చెట్టుకింద మిషన్ వేసుకుని వకీళ్ల నల్లకోట్లకు బొత్తాలు కుడుతుంది, చిరిగిన గౌన్లు బాగుచేస్తుంది. ఇల్లు ధూల్‌పేట్‌లో. భర్త నర్సింగ్ వినాయక విగ్రహాలకు రంగులు వేస్తాడు, ముఖ్యంగా కళ్లు దిద్దుతాడు. అతని రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. చనిపోయినవారి కిడ్నీ దొరికితే మార్పిడి చేస్తామని ఆసుపత్రి జాబితాలో అతని పేరు ఎక్కి మూడేళ్లయింది.

ఆ జాబితా పద్ధతి ఆవిడ నాకు వివరంగా చెప్పింది. కిడ్నీ దొరికిందంటే కోఆర్డినేటర్ వరసలో ఉన్నవాళ్లకు ఫోన్ చేస్తుంది. ఎత్తినవాళ్లు వెంటనే బయలుదేరి వెళ్లి రక్తం ఇవ్వాలి. ఎత్తకపోతే ఎదురుచూసే వ్యవధి ఉండదు, తర్వాతి పేరుకు వెళ్లిపోతారు. అందుకని రెండు నంబర్లు రాయించారు, అతనిదీ ఆవిడదీ.

"మరి గురువారం ఏమైంది?"

"గురువారం ఆయన కండ్లు దిద్దుతుండె."

వాళ్ల షెడ్డులో ఒక పద్ధతి ఉంది. విగ్రహానికి కళ్లు దిద్దే పూట లోపల ఫోను మోగకూడదు. నర్సింగ్ తండ్రి కాలంలో మాట కూడా వినపడనిచ్చేవారు కాదట. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ కట్టడి వాటికీ వర్తించింది. పనివాళ్లందరి ఫోన్లూ ఆపేసి బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెడతారు. అందుకే మొగుడూ పెళ్లాలు ముందే అనుకున్నారు: కళ్లు దిద్దే రోజున ఆవిడ ఫోను చాలూ ఉండాలి, కళ్ల ముందు ఉండాలి.

"నీళ్లు తాగనీకి పోయినా ఎంబడి తీస్కపోయిన అమ్మా. మిషన్ మీదనే ఉండె, సూది డబ్బ పక్కకు. ఒక్క కాల్ రాలే. శుక్రవారం డయాలసిస్‌కు పోతె ఆ మేడమ్ అంటది, నిన్న ఎన్నిసార్లు జేసిననండీ, రెండు ఫోన్లూ కలవలేదు, ఎనకాలాయనకు పోయింది అని."

ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారలేదు. తర్వాతి మాటకు మారింది.

"మా అత్త అడిగింది. నా కొడుకుది దేవుని పని మీద బంద్ ఉండె, నీది ఎవ్వని పని మీద బంద్ ఉండె అని. ఆయన ఏం అనలే. శుక్రవారం నుంచి నాతోని మాటనే లేదు. తిట్టినా మంచిగుండు."

ఫోన్ చూపించమన్నాను. చిన్న 4జీ ఫోను, అద్దం మూలన పగిలింది. ఆ సమయంలో గీతలు ఎన్ని ఉన్నాయో గమనించిందా అని అడిగాను.

"నిండుగ ఉండె. నాలుగిటికి నాలుగు. అందుకే ఫికర్ పడలే."

నా పనిలో ఉన్నవారికి ఇది ఎందుకు గుచ్చుకుంటుందో చెప్పాలి. కోర్టు గోడల మందం వల్ల ఆ గేటు దగ్గర మా టవర్ రెండు గీతలకు మించి ఎన్నడూ ఇవ్వలేదు. దాన్ని మూడు చేయడానికి పదకొండేళ్లు తంటాలు పడ్డాను. అలాంటి చోట నాలుగు గీతలు కనపడ్డాయంటే ఆ సిగ్నల్ మాది కాదు.

మెసేజ్‌లు తెరిచాను. పదకొండూ ఎనిమిదికి ఒకటి వచ్చి ఉంది. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌ల వరసలోనే, అదే పేరు కింద. ఖాతా ఆగిపోతుంది, వెంటనే ఈ లింకు నొక్కండి అని ఇంగ్లీషులో.

"ఇది నొక్కావా?"

"ఇంగ్లీషు నాకేడొస్తది. బ్యాంకోళ్లు ఏదో పంపిన్రనుకున్న."

"అది ఫ్రాడ్ అక్కా, డిలీట్ జెయ్యి," అంది కౌంటర్ అమ్మాయి తొంగిచూసి.

"ముట్టుకోవద్దు," అన్నాను. సుగుణ చేతిలో ఉన్న సాక్ష్యం అదొక్కటే.

ఇది దొంగ బేస్ స్టేషన్ పని అనిపించింది. అదేమిటో ఇక్కడ నాలుగు మాటల్లో చెప్తాను. బేస్ స్టేషన్ అంటే మనం టవర్ అనేదే. ప్రతి సిమ్ లోపలా ఐఎంఎస్ఐ అని పదిహేను అంకెల నంబరు ఒకటి ఉంటుంది. మనం నలుగురికీ ఇచ్చే ఫోన్ నంబరు వేరు, ఇది వేరు. నెట్‌వర్క్‌కు మన ముఖం తెలియదు, ఆ పదిహేను అంకెలే తెలుసు. అవి బయటపడితే ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో ఎవరైనా కనిపెట్టవచ్చు. అందుకని నెట్‌వర్క్ ఆ నంబరును మాటిమాటికీ గాల్లోకి పంపనివ్వదు. ఒక తాత్కాలిక నంబరు ఇచ్చి, దాన్ని మారుస్తూ ఉంటుంది. దొంగ టవర్ కారు డిక్కీలో పట్టే పెట్టె. బలమైన సిగ్నల్ చూపించి చుట్టుపక్కల ఫోన్లను తనవైపు లాగుతుంది. లాగి, "నీ తాత్కాలిక నంబరు నాకు తెలియదు, అసలుది చెప్పు" అంటుంది. ఫోను చెప్పేస్తుంది.

ఎందుకు చెప్తుందంటే, 2జీ కాలపు ఏర్పాటు అలాంటిది. ఫోను తానెవరో టవర్‌కు రుజువు చేసుకోవాలి, టవర్ ఎవరో అడిగే హక్కు ఫోనుకు లేదు. గేటు దగ్గర యూనిఫాం వేసుకుని ఒకడు నిలబడి సంచి చూపించమంటే చూపిస్తాం కదా, నువ్వు నిజంగా జవానువేనా అని అడగం. 4జీ వచ్చాక ఇద్దరూ రుజువు చూపించుకోవాలి. అయితే అందులో ఒక సందు మిగిలింది. "ఇక్కడ నీకు సర్వీసు లేదు, పో" అనే మాటకు రుజువు అక్కర్లేదు. దొంగ టవర్ ఆ మాటే అంటుంది. ఫోను 4జీ వదిలి 2జీ వెతుక్కుంటుంది. 2జీలోనూ కాచుకుని ఉన్నది ఆ దొంగే. ఒకసారి దాని కింద పడితే బ్యాంకు పేరుతో మెసేజ్ పంపినా ఫోను నమ్ముతుంది.

ఆ పెట్టె నడిపేవాళ్లకు కావాల్సింది లింకు నొక్కే మనిషి. సుగుణకు పోయింది వాళ్లు కలలో కూడా అనుకోనిది. ఎవరికైనా కాల్ వచ్చిందంటే నెట్‌వర్క్ ఆ ప్రాంతంలోని టవర్లన్నిటి మీదా ఆ ఫోనును పిలుస్తుంది. దాన్ని పేజింగ్ అంటాం. దొంగ టవర్ కింద ఉన్న ఫోనుకు ఆ పిలుపు వినపడదు.

ఇదంతా నా అనుమానం. అనుమానం మీద ముద్ర వేయలేను. ఆ నంబరు రికార్డు తీయాలంటే సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు సంతకం పెట్టి అడగాలి.

"సిమ్ నీ పేరు మీదే ఉందా సుగుణా?"

"ఆయన పేరు మీద. రెండూ ఆయనయే. అప్పుడు ఆయన ఆధారే ఇచ్చినం."

"అయితే ఆయన రావాలి."

"ఆయన నాతోని మాట్లాడితె గద అమ్మా వచ్చేది."

ఇంకో చిక్కు ఉంది. ఫోను ఏ నిమిషాన ఏ టవర్‌తో ఏం మాట్లాడిందో చెప్పే వివరమైన రికార్డు మా దగ్గర పది రోజులే ఉండేది. ఆ తర్వాత కొత్త రికార్డు దాని మీదికి ఎక్కేస్తుంది. శనివారం దాటితే సుగుణ చెప్పింది నిజమని చెప్పగలిగేది ఈ భూమి మీద ఏదీ ఉండదు.

మర్నాడు బుధవారం, ఇర్ఫాన్ భాయ్‌తో కలిసి నయాపూల్‌లో డ్రైవ్ టెస్ట్ చేశాను. వ్యానులో నాలుగైదు ఫోన్లూ ఒక లాప్‌టాపూ పెట్టుకుని తిరుగుతూ సిగ్నల్ కొలవడాన్ని డ్రైవ్ టెస్ట్ అంటారు. ఇర్ఫాన్ భాయ్ ఆ వ్యానుకు డ్రైవరూ, టెక్నీషియనూ. నాకంటే పదేళ్లు చిన్న. పాతబస్తీలో ప్రతి గల్లీ మలుపూ అతనికి చేతి గీతలంత తెలుసు.

"కోర్ట్ గేట్ కాడ నాలుగు గీతలా? మన టవర్‌కు బక్రీద్ బిర్యానీ పెట్టిన్రా ఏంది మేడమ్?"

ఆ రోజు ఏమీ దొరకలేదు. మా రెండు గీతలే దొరికాయి. దొంగ టవర్ పెట్టుకుని తిరిగిన కారు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. అయితే ఆఫీసుకు వచ్చి ఆ ప్రాంతం మొత్తం లెక్క చూస్తే (దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు) 22న ఆ వేళకు నయాపూల్ వంతెన చుట్టుపక్కల ఫోన్లు గుంపుగా మాయమై గుంపుగా తిరిగి వచ్చినట్టు కనపడింది. పై అధికారులకు ఆ సాయంత్రమే రాశాను. కానీ గుంపులో సుగుణ ఫోను ఉందో లేదో గుంపు లెక్క చెప్పదు.

గురువారం ఫారం పట్టుకుని ధూల్‌పేట్ వెళ్లాం.

రేకుల షెడ్డు. బయటి దాకా విగ్రహాలు వరసగా ఉన్నాయి. కళ్లు దిద్దని వాటి ముఖాలకు పాత పేపర్లు కప్పి ఉన్నాయి. ద్వారం దగ్గర పీట వేసుకుని నర్సింగ్ తల్లి మల్లమ్మ కూర్చుంది, ఒళ్లో బిస్కెట్ల డబ్బా.

"లోపల కండ్లు దిద్దుతుండు. మీ ఫోన్ గూడ బంద్ జేసి ఈ డబ్బల వెయ్యిండి అమ్మా."

"నాది బండ్లనే ఉంది పెద్దమ్మా, నేను లోపలికి రాను," అని ఇర్ఫాన్ భాయ్ తెలివిగా వ్యానెక్కాడు.

డ్యూటీలో ఉండగా ఫోను ఆపడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఆపి, డబ్బాలో వేశాను.

"మీరు ఆమె దిక్కు నుంచి వచ్చిన్రా?" అంది మల్లమ్మ.

"ఎవరి దిక్కు నుంచీ కాదమ్మా. టవర్ దిక్కు నుంచి వచ్చాను."

"టవర్ ఏం జెప్తది?"

"అడిగితే జరిగింది చెప్తుంది. అడిగే హక్కు మీ అబ్బాయికే ఉంది."

ఆవిడ డబ్బా మూత సరిచేసింది. "నా కోడలు చెడ్డదని నేను అంటలే. నా కొడుక్కు ఆమె చేసినంత నేను గూడ చెయ్యలే. కానీ మూడేండ్ల సంది చూస్తున్నం గదా ఆ ఒక్క ఫోన్ కోసం. ఎట్ల ఊకుంటది మనసు?"

ఫారం ఒళ్లో పెట్టుకుని ఆవిడ పక్కనే కూర్చున్నాను.

నర్సింగ్ బయటికి వచ్చేసరికి గంట దాటింది. సన్నటి మనిషి. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేయి నరం ఉబ్బి తాడులా ఉంది. కుడి చేతి వేళ్లకు నల్ల రంగు. సీసా మూతతో కొలుచుకుని రెండు మూతల నీళ్లు తాగాడు. వాళ్లకు నీళ్లు కూడా లెక్కే. నేను వచ్చిన పని చెప్పాను. మొత్తం విన్నాడు.

"తెలుసుకుని ఏం జేస్తం మేడమ్? పోయింది పోయింది."

"కిడ్నీ తిరిగి రాదు నర్సింగ్. ఆ రోజు ఏం జరిగిందో తెలుస్తుంది. శనివారం దాటితే అదీ తెలియదు."

"ఆమె తప్పు లేదని తెలుస్తది అంటరు."

"ఏముంటే అది తెలుస్తుంది. ముందే చెప్పలేను."

అతను వేళ్లకున్న రంగును గోటితో గీకుతూ కూర్చున్నాడు. "ఆమెది కాదంటె తప్పు ఎవరిదైతది?"

"ఆ దొంగ టవర్‌ది."

"టవర్ మా ఇంట్ల ఉండదు గద మేడమ్," అన్నాడు, నవ్వినట్టే.

అప్పుడు అర్థమైంది నాకు, అతను ఐదారు రోజులుగా సుగుణతో ఎందుకు మాట్లాడడం లేదో. ఆ రోజు ఫోను తన చేత్తో తానే ఆపాడన్నది అతనికి కాగితం చెప్పనక్కర్లేదు. తల్లి ఆ నిందను తీసుకెళ్లి సుగుణ మీద పెట్టింది. అక్కడ ఉన్నంతకాలం అది తన దగ్గరికి రాదు. నోరు విప్పితే కదులుతుంది.

ఫారం చేతికిచ్చాను. రికార్డు కావలసిన నంబరు రాసేచోట ఆగాడు.

"రెండు నంబర్లకూ అడగాల్నా?"

"అక్కర్లేదు. సుగుణ వాడే నంబరు ఒక్కటి రాస్తే చాలు."

కాసేపు పెన్ను ఎత్తే ఉంచాడు. తర్వాత ఆవిడ నంబరు రాసి, దాని కింద తన నంబరు కూడా రాసి సంతకం పెట్టాడు.

శనివారం ఉదయం రికార్డు వచ్చింది. ముగ్గురూ ఆఫీసుకు వచ్చారు. మల్లమ్మ ముద్ర చూడ్డానికి వచ్చానంది. సుగుణ బెంచీకి ఆ చివర కూర్చుంది, నర్సింగ్ ఈ చివర, మల్లమ్మ మధ్యలో. మల్లమ్మకు చదువు రాదు కాబట్టి పైకి చదివాను, ఒక్కో వరసకూ అర్థం చెప్తూ.

మామూలుగా ఫోన్ స్విచాఫ్ చేస్తే అది ఆగే ముందు టవర్‌తో "పోతున్నాను" అని ఒక మాట చెప్తుంది. దాన్ని డిటాచ్ అంటాం. సుగుణ ఫోను పదకొండూ ఆరుకు మా నుంచి మాయమైనప్పుడు డిటాచ్ లేదు. అంటే ఎవరూ ఆపలేదు. పదకొండూ తొమ్మిదికి, పదిహేనుకి, ఇరవై నాలుగుకి ఆసుపత్రి నంబరు నుంచి కాల్స్. మూడుసార్లూ మా టవర్లన్నీ పిలిచాయి, జవాబు లేదు. పదకొండూ ఇరవై తొమ్మిదికి ఫోను తిరిగి వచ్చింది. తిరిగి వచ్చిన ఫోనును ఇంతసేపూ ఎక్కడున్నావని నెట్‌వర్క్ అడుగుతుంది, అది ఒక ఏరియా కోడ్ చెప్తుంది. ఈ ఫోను చెప్పిన కోడ్ హైదరాబాద్‌లో మా టవర్ దేనికీ లేదు. ఇక ఆ బ్యాంకు మెసేజ్ సుగుణ ఫోనులో ఉంది, కానీ మా మెసేజ్ సెంటర్ లెక్కలో లేదు. మేము పంపని మెసేజ్ మా ఫోనుకు చేరింది.

"అంటె?" అంది మల్లమ్మ.

"అంటే ఫోను చాలూ ఉంది. మీ కోడలి ముందే ఉంది. మధ్యలో ఎవరో దాన్ని పట్టుకుని తమ కింద ఉంచుకున్నారు. ఆమెకు తెలిసే దారి లేదు."

కాగితం మీద ఇంకా ఒక వరస ఉంది. నేను నర్సింగ్ వైపు చూశాను.

"నాది గూడ చదువుండ్రి మేడమ్."

"ఉదయం తొమ్మిదీ నలభైకి డిటాచ్. మధ్యాహ్నం ఒకటింబావుకు మళ్లీ చాలూ."

"విన్నవా అమ్మా," అన్నాడు తల్లితో. "ఆమెది చాలు ఉండె. బంద్ ఉన్నది నాదే. నా చెయ్యితోనే జేసిన."

"దేవుని పనాయె గదరా," అంది ఆవిడ చిన్న గొంతుతో.

"దేవుని పనే. ఆమెను అనకు ఇగ."

అంతే. ఎవరూ ఏడవలేదు, ఎవరూ క్షమించమనలేదు. మల్లమ్మ కోడలి భుజం మీది నల్ల దారం ముక్క తీసి కింద పారేసింది.

"మిషన్ ఎవరికి అప్పజెప్పి వచ్చినవే?"

"జిరాక్స్ అన్నకు."

"సరే లే, పోదం. గిరాకీ పోతది."

లేస్తూ సుగుణ నా వైపు తిరిగింది. "ముద్ర ఏది అమ్మా?" ఆ కాగితానికి ముద్ర అవసరం లేదు, సంతకం చాలు. అయినా ముద్ర వేశాను, బాగా ఒత్తి. ఆవిడ దాన్ని మడిచి ఫోను కవరు వెనక పెట్టుకుంది.

సెప్టెంబరు 3న సైబర్ క్రైం పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించడానికి సుగుణ, నర్సింగ్‌ల వెంట నేనూ వెళ్లాను. రాసుకునే ఆయన ఓపికగానే విన్నారు. పోయిన మొత్తం ఎంత అనే గడి దగ్గరికి వచ్చేసరికి ఆగారు.

"డబ్బు పోలేదు కదమ్మా?"

"పోలేదు."

"మరి నష్టం?"

సుగుణ ఫోను కవరు వెనక నుంచి ముద్ర కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన సున్నా రాశారు. ఆయన తప్పు కాదు, ఆ గడిలో రూపాయలు తప్ప మరేదీ పట్టదు. కొన్నాళ్లకు మరో ఊళ్లో కారులో అలాంటి పెట్టె పట్టుబడిందని విన్నాను. అదీ ఇదీ ఒకటేనా అన్నది నాకు తెలియదు. తెలియనిది రాయను.

చేయగలిగినవి కొన్ని చేశాం. కొన్ని ఫోన్లలో 2జీని అనుమతించాలా వద్దా అనే మీట ఉంటుంది. ఇర్ఫాన్ భాయ్ ఒక ఆదివారం ధూల్‌పేట్ ఆ గల్లీలో కూర్చుని, ఆ మీట ఉన్న ఫోన్లన్నిటిలో 2జీని కట్టేశాడు. సుగుణ ఫోన్లో ఆ మీట లేదు, వేరే సెట్టింగులో '4జీ మాత్రమే' అని పెట్టాల్సి వచ్చింది. అలా పెడితే ఫోను అసలు 2జీ జోలికే పోదు. 5జీ పూర్తిగా వచ్చినచోట ఆ పదిహేను అంకెలు తాళం వేసుకునే గాల్లోకి వెళ్తాయి, తాళంచెవి సొంత నెట్‌వర్క్ దగ్గరే ఉంటుంది. ఆ ఏర్పాటు అందరి చేతిలోకీ రావాలి. కోర్టు గేటు దగ్గర మిషన్ కుట్టేవాళ్ల చేతిలోకి ముందు రావాలని నేను అంటాను.

షెడ్డులో కళ్లు దిద్దే పద్ధతి పోలేదు. ఫోన్లు ఇప్పటికీ డబ్బాలోకే వెళ్తాయి, నర్సింగ్‌ది తప్ప. అతని ఫోను చాలూగా మల్లమ్మ చేతిలో ఉంటుంది, ఆవిడ షెడ్డుకు నాలుగిళ్ల అవతల అరుగు మీద కూర్చుంటుంది. పచ్చ గుండీ నొక్కడం నేర్చుకుంది. ఆసుపత్రి జాబితాలో వాళ్లు మూడో నంబరు కూడా రాయించారు, వేరే ప్రాంతంలో, వేరే కంపెనీ సిమ్ ఉన్నవాళ్లది అయితే మంచిదని నేనే చెప్పాను. అలాంటివాళ్లు తమకెవరూ లేరని సుగుణ అంటే, వేరే కంపెనీ సిమ్ ఒకటి నేనే కొనుక్కుని ఆ నంబరు ఇచ్చాను. నేను 2025 మార్చిలో రిటైరయ్యాను. ఆ ఫోను మాత్రం ఇంతవరకూ ఆపలేదు.

ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేసి, ఫోను కలవలేదంటే అది టవర్ సమస్య అనుకునేదాన్ని. అవతలివాళ్లు దాన్ని మనిషి సమస్య అనుకుంటారని ఆ బెంచీ మీద తెలిసింది. ఎవరిదైనా ఫోను కలవకపోతే ఇప్పుడు నేను ఎందుకు ఆపావని అడగను.

ఆ రోజు సున్నా పడిన గడిని ఇక్కడ నింపుతున్నాను. పోయినవి: సుగుణ నంబరుకు వచ్చిన కాల్స్ మూడు. నర్సింగ్ నంబరుకు వచ్చినవి రెండు. మొగుడూ పెళ్లాల మధ్య మాట, శుక్రవారం నుంచి మరుసటి శనివారం దాకా. కిడ్నీ ఒకటి. అది మరొకరికి చేరింది, వారు బాగున్నారని కోఆర్డినేటర్ చెప్పింది, కాబట్టి దాన్ని సగమే పోయినట్టు రాస్తాను. మిగతా సగం నర్సింగ్‌ది. అతను ఇంకా సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కు వెళ్తున్నాడు.

డబ్బు ఏమీ పోలేదు.